పాత గేమింగ్ పీసీలో లినక్స్: ముందు విండోస్ డిస్కు వైరు పీకండి

మా ఇంట్లో పీసీ ఏడో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 కార్డు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది, విండోస్ 11 చూస్తే ఈ ప్రాసెసర్ చెల్లదంటుంది. నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక షాపులో అడిగితే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాలన్నారు. గేమ్‌లు శుభ్రంగా నడుస్తున్న మెషీన్‌కి అంత డబ్బు పెట్టడం ఇష్టం లేక, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. మీదీ ఇలాంటి పీసీనే అయితే ఇది మీకోసమే.

మొదటి పని, మీరు నిజంగా ఆడే గేమ్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోవడం. విండోస్ గేమ్‌లను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ 2018 నుంచీ గేమ్‌లు కొనే స్టీమ్ యాప్‌లోనే ఉంది, అది విండోస్ గ్రాఫిక్స్ భాష డైరెక్ట్‌ఎక్స్‌ను లినక్స్‌కు అర్థమయ్యే వల్కన్‌లోకి మార్చి పంపుతుంది కాబట్టి ఒంటరిగా ఆడుకునే గేమ్‌లు చాలావరకు నడుస్తాయి. తకరారంతా ఆన్‌లైన్ గేమ్‌లలో మోసాలను పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్‌తోనే. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, పీసీ పబ్‌జీ నడవవు. అపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది, 2024లో ఆ గేమ్ తయారుచేసిన వాళ్లే ఆపేశారు. జీటీఏ 5లో కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ కుదరదు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 మాత్రం నేరుగా లినక్స్‌కే ఉన్నాయి. మిగతావి, ఏ గేమ్ ఎలా నడుస్తుందో ఆడినవాళ్లే రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో ఒక్కొక్కటీ వెతికి చూసుకోండి. నడవని గేమ్‌కి దొడ్డిదారులు వెతకొద్దు, అకౌంట్ బ్యాన్ అయితే ఎవరూ తెచ్చివ్వలేరు.

ఇంట్లో వాళ్లనూ అడగండి. మా నాన్న రొయ్యల గుంటల లెక్కలు ఎక్సెల్‌లో రాస్తారు, అవి లిబ్రేఆఫీస్‌లో తెరుచుకున్నాయి. కానీ ఎవరైనా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్‌లో డీటీపీ చేస్తుంటేనో, ట్యాలీ వాడుతుంటేనో విండోస్ ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. కావలిలో మా పెద్దమ్మ కొడుకు ఒకే డిస్కులో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకుందామని మొదలుపెట్టి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు మొత్తం చెరిపేసే ఆప్షన్ నొక్కాడు. వాళ్లక్క పెళ్లి ఫొటోలన్నీ పోయాయి, ఇంకెక్కడా కాపీ లేదు. అందుకే నేను 500 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి విడిగా కొన్నాను. ఫొటోలు వేరే చోట కాపీ చేసుకున్నాక పీసీ ఆపేసి, విండోస్ డిస్కు వైరు పీకేసి, కొత్తది ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి. ఇంకో కారణం కూడా ఉంది: రెండు డిస్కులూ ఉంటే మింట్ తన బూట్ ఫైళ్లను మీరు చెప్పిన డిస్కులో కాకుండా విండోస్ డిస్కులో పెట్టే అవకాశం ఉంది, తర్వాత ఆ డిస్కు తీసేస్తే లినక్స్ కూడా లేవదు.

మింట్ ఫైలు దాదాపు 3 జీబీ, రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే ఒక్కరోజులో దిగదు. దాన్ని బలేనా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి, అందులో ఉన్నవి చెరిగిపోతాయి. పీసీ ఆన్ చేస్తూనే బూట్ మెనూ బటన్ నొక్కాలి, ఎక్కువగా గిగాబైట్ బోర్డుకు ఎఫ్12, ఆసుస్‌కు ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11. వెంటనే ఇన్‌స్టాల్ కొట్టకుండా, పెన్‌డ్రైవ్ మీదే నడిపి సౌండ్, వైఫై చూడండి. చవక వైఫై డాంగిల్స్ కొన్ని మొరాయిస్తాయి, అప్పుడు ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చేస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిచి ఎన్విడియాకు సిఫారసు చేసిన డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి. బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ ఆపి ఉంటే ఇది తేలిక. ఏఎండీ కార్డు వాళ్లకు ఈ పని లేదు. తర్వాత సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో స్టీమ్ వేసుకోండి, అక్కడ రెండు రకాలు కనిపిస్తే ఫ్లాట్‌ప్యాక్ కాకుండా సిస్టమ్ ప్యాకేజీ ఎంచుకోండి. ఎపిక్ గేమ్‌లకు హీరోయిక్ లాంచర్ ఉంది.

పాత గేమ్‌లు మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. పీసీ ఆపి విండోస్ డిస్కు వైరు మళ్లీ పెట్టి, విండోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చేసి, లినక్స్‌లోకి వచ్చి గేమ్ ఫోల్డర్‌ను లినక్స్ డిస్కులోని స్టీమ్ కామన్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే ఉన్న ఫైళ్లను స్టీమ్ సరిచూసుకుని, తక్కువైనవే దించుతుంది. విండోస్ డిస్కు మీద నుంచే నడపాలని చూడొద్దు, ప్రోటాన్‌కు విండోస్ డిస్కు ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పడదు. మొదటిసారి షేడర్లు (గేమ్ గ్రాఫిక్స్ ఫైళ్లు) తయారు కావడానికి చాలాసేపు పట్టొచ్చు, టెన్షన్ పడకండి.

విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది. లినక్స్ బోర్డు గడియారంలో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కితే సరిపోతుంది.

వాయుగుండాల రోజుల్లో మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ లేకుండా అప్‌డేట్లు పెట్టొద్దు, మింట్‌లోనే ఉండే టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్ (ఏదైనా చెడితే వెనక్కి వెళ్లే కాపీ) తీసి పెట్టుకోండి.

విండోస్ డిస్కును కనీసం నెల రోజులు ఫార్మాట్ చేయకండి. నాదైతే ఇంకా అలాగే ఉంది, ఆదివారం పూట మా తమ్ముడు దాంట్లోకి వెళ్లి వాలరెంట్ ఆడుకుంటాడు.