టోరీ పైన్స్ గట్టు వెంట పారాగ్లైడింగ్: లోయ నోరు దాటేదెలా

నేను భీమిలిలో పెరిగాను. మాకు పడమటి గాలి అంటే ఒళ్లు మాడ్చే ఎండాకాలపు గాలి. అమెరికా పడమటి తీరంలోని శాన్ డియేగో వచ్చాక ఆ మాటకు అర్థమే మారిపోయింది. ఇక్కడ సముద్రం పడమర ఉంది. మధ్యాహ్నం నీళ్ల మీదుగా వచ్చే పడమటి గాలి టోరీ పైన్స్ అనే చోట తీరం వెంట నిలువుగా ఉన్న గట్టుకు తగిలి పైకి లేస్తుంది. 1930లో పేరున్న పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్ ఇక్కడి మౌంట్ సోలెడాడ్ కొండ నుంచి డెల్ మార్ ఊరి దాకా ఇంజిన్ లేని గ్లైడర్‌లో వెళ్లింది ఈ గాలి ఆసరాతోనే.

శిక్షణ పూర్తయి, గట్టు ముందు అటూ ఇటూ తిరగడం వచ్చి, ఇక కాస్త దూరం పోదాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

గాలి గట్టుకు సూటిగా తగలాలి. గంటకు 16 నుంచి 24 కిలోమీటర్లు ఉంటే నాకు హాయి. నా వింగ్, అంటే తలపైన ఉండే గుడ్డ రెక్క, వేగం 37. గాలి 30 దాటిందంటే నేను బ్యాగ్ విప్పను. గాలి మనల్ని గట్టు వెనక్కి నెట్టేసిందంటే అక్కడి సుడిగాలి వింగ్‌ని మడిచేస్తుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ సముద్రం వైపే తిరగండి. ఎదురెదురుగా వచ్చినప్పుడు గట్టు ఎవరి కుడివైపు ఉంటే వాళ్లకే దారి. అంటే దక్షిణానికి పోయేటప్పుడు తప్పుకోవాల్సింది మీరే.

అసలు పరీక్ష లోయల దగ్గర. గట్టు 300 అడుగుల పైచిలుకు ఉంటుంది, కానీ మధ్యమధ్య లోయలు దాన్ని చీల్చేశాయి. అక్కడ గాలి పైకి లేవకుండా లోపలికి దూరిపోతుంది, మనల్నీ లాగుతుంది. నా వింగ్ ఒక అడుగు దిగేలోపు 8 అడుగులు ముందుకు పోతుంది. 800 అడుగుల లోయకి 100 అడుగుల ఎత్తు ఖర్చవుతుందన్నమాట. పక్కగాలికి ముక్కు సముద్రం వైపు పెట్టి పీతలా అడ్డంగా పోవాలి కాబట్టి నేను 200 లెక్కేసుకుంటాను. అంత ఎత్తు లేకపోతే ఇవతలే ఇంకో రెండు చక్కర్లు కొట్టి ఎత్తు పెంచుకుంటాను.

దాటుతున్నప్పుడు అవతలి గట్టు అంచునే చూడండి. అంచు వెనకాల నేల కొంచెం కొంచెంగా ఎక్కువ కనబడుతుంటే పైనుంచే చేరతారు. ఆ నేల అంచు చాటుకు పోతుంటే దిగిపోతున్నట్టే. వెంటనే సముద్రం వైపు తిరిగి వెనక్కి వచ్చేయండి.

ఒకసారి నేను అలా వెనక్కి రాలేదు. అంచు మీది పొదలు కళ్లముందే మాయమవుతున్నా, ఇంకాస్తేగా అనుకున్నాను. అవతల చేరేసరికి నాకు గట్టులో సగం ఎత్తే మిగిలింది. ఇసుకలో దిగాల్సి వచ్చింది. పోటు సమయం. గట్టుకీ అలకీ మధ్య పది అడుగులే ఉంది. కాళ్లు ఆనిన క్షణానికే అల వచ్చి వింగ్‌ని పట్టేసింది. నీళ్లు నిండిన వింగ్ మనిషిని ఈడ్చుకుపోతుంది. తాళ్లు చేతికి చుట్టుకుని లాక్కుంటూ గట్టు మొదట్లోకి పరిగెత్తాను. చాలా భయపడ్డాను.

అప్పటినుంచి పోటుపాట్ల పట్టిక చూడకుండా ఇల్లు కదలను. పాటు సమయంలోనే దూరం పోతాను. ఒకవేళ వింగ్ తడిస్తే, అదే రోజు మంచినీళ్లలో మెల్లగా ముంచి తీసి నీడలో ఆరబెట్టండి. ఆపద కోసం ఉంచుకునే రిజర్వ్ పారాచూట్‌ని కూడా విప్పించి, ఆరబెట్టించి, తెలిసినవాళ్లతోనే మళ్లీ మడత పెట్టించండి.