కొత్త కుందేలుకు మీరంటే భయం పోవాలంటే

కుందేలును ఇంటికి తెచ్చిన రోజే అందరూ చేసే పని, దాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకోవడం. దయచేసి ఆ ఒక్కటి మానేయండి. కుక్క, పిల్లి వేటాడే జంతువులు, కుందేలు వాటికి దొరికిపోయే జంతువు. పైనుంచి ఏదో వచ్చి నడుం పట్టుకుని గాల్లోకి లేపిందంటే గద్ద తన్నుకుపోతున్నట్టే ఉంటుంది దానికి. మీ చేతుల్లో కదలకుండా ఉందని మురిసిపోకండి, చాలాసార్లు అది భయంతో బిగుసుకుపోయి ఉంటుంది.

మొదటి రెండు మూడు రోజులు దాని మానాన దాన్ని వదిలేయండి. కుక్కర్ విజిల్, మిక్సీ, టీవీ మోత లేని మూల చూసి కేజ్ పెట్టండి, దూరి దాక్కోవడానికి రెండు వైపులా దారి కోసిన అట్టపెట్టె ఒకటి ఉంచండి. ఎండుగడ్డి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చూడ్డానికి వచ్చిన పిల్లల్ని దూరం నుంచే చూడమనండి.

ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది, నేల మీద కూర్చోవడం. కుందేళ్లు తెల్లవారుజామున, సాయంత్రం చురుగ్గా ఉంటాయి, కాబట్టి రోజూ సాయంత్రం కాసేపు కేజ్ తలుపు తీసి పక్కనే కూర్చుని మీ పుస్తకమో ఫోనో చూసుకోండి, చేయి మాత్రం చాపకండి. అదే వచ్చి వాసన చూస్తుంది, ప్యాంటు కొరుకుతుంది, ఒక్కోసారి మీ కాలి మీదకి ఎక్కి దిగిపోతుంది. అప్పుడు ఓ కొత్తిమీర రెబ్బ ఇవ్వండి. దాని కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, వెనకాల ఏముందో కూడా కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందున్నది కనిపించదు, అందుకే ముఖం ముందు చేయి పెడితే ఉలిక్కిపడి కరిచే అవకాశం ఉంది. పక్క నుంచి తెచ్చి నుదుటి మీద నిమరండి. పొట్ట, పాదాలు, గడ్డం కింద చాలావాటికి నచ్చదు.

తల నేలకు ఆనించి మీ ముందు పడుకుంటే నిమరమని అడుగుతున్నట్టు. పళ్లు మెల్లగా ఆడిస్తుంటే హాయిగా ఉంది. గట్టిగా నూరుతూ ముడుచుకుని కూర్చుంటే మాత్రం నొప్పి. వెనక కాలితో నేలను ధబ్‌మని కొడితే ఏదో చూసి భయపడింది. గాల్లోకి ఎగిరి మెలి తిరిగిందా, ఇక టెన్షన్ పడక్కర్లేదు.

గోళ్లు కత్తిరించడానికో డాక్టర్ దగ్గరికో ఎత్తక తప్పదు కదా, అప్పుడు కూడా మీరు నేల మీద కూర్చునే ఎత్తండి. ఒక చేయి ముందు కాళ్ల వెనక ఛాతీ కిందికి, రెండో చేయి పిరుదుల కిందికి పోనిచ్చి, ఒకేసారి లేపి మీ పొట్టకి ఆనించుకోండి. వెనక కాళ్లు వేలాడకూడదు. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్ల బలం ఎక్కువ, గాల్లో తన్నుకుంటే దాని వెన్నెముకే విరిగి కాళ్లు చచ్చుబడిపోవచ్చు. చెవులు పట్టుకుని ఎత్తడమైతే ఎవరు చేసినా అడ్డుపడండి, పెద్దవాళ్లయినా సరే. వెల్లకిలా పడుకోబెట్టి నిద్రపోయిందని వీడియోలు పెడుతుంటారు, అది నిద్ర కాదు, చచ్చినట్టు పడి ఉండే భయం. దించేటప్పుడు కాళ్లు నేలకు ఆనేదాకా పట్టు వదలకండి, చివర్లోనే దూకేస్తుంది. చిన్నపిల్లలకు ఎత్తే పని అసలు అప్పగించొద్దు.

స్నానం చేయించకండి, అది కూడా విపరీతంగా భయపెడుతుంది. మన ఎండాకాలం దానికి ప్రాణాంతకం, కాబట్టి చల్లని గదిలో ఉంచి, గడ్డకట్టిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

పన్నెండు గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు వేయకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చాలామంది డాక్టర్లు కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తారు, కుందేళ్లను చూసే డాక్టర్ ఎక్కడున్నారో ముందే కనుక్కోండి. క్యారియర్ కూడా గదిలో తలుపు తీసే ఉంచి లోపల గడ్డి వేస్తుంటే అదే వెళ్లి కూర్చోవడం అలవాటవుతుంది, ప్రయాణం రోజున ఎత్తే పని లేకుండా తలుపు వేసేస్తే చాలు.