రష్యా బంకుల్లో ముందు డబ్బు, తర్వాతే పెట్రోల్

యూరప్ మీదుగా ఒంటరిగా బైక్‌పై రష్యాలోకి వెళ్తున్నారా? యూరప్‌లో చాలాచోట్ల పెట్రోల్ కొట్టుకున్నాక డబ్బు కడతాం. రష్యాలో చాలా బంకుల్లో ముందే కట్టాలి, అప్పుడే పంపు పనిచేస్తుంది. పంపు నంబరు, పెట్రోల్ రకం (92 లేదా 95), ఎన్ని లీటర్లు... ఈ మూడూ చీటీ మీద రాసి కౌంటర్లో చూపించండి, భాష రాకపోయినా టెన్షన్ ఉండదు. ఫుల్ ట్యాంకు కావాలంటే "పోల్నీ బాక్" అంటే చాలు.

డబ్బు మాత్రం నోట్ల రూపంలోనే దగ్గర పెట్టుకోండి. 2022 మార్చి నుంచి బయటి దేశాల బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు అక్కడ పనిచేయడం లేదు. తూర్పు రష్యాలో చీతా నగరం నుంచి ఖబరోవ్‌స్క్ నగరం దాకా 2,000 కిలోమీటర్లకు పైగా ఊళ్లు బాగా పలుచన. ఆ దారిలో బంకు కనిపిస్తే, సగం ట్యాంకు ఉన్నా సరే, ఆగి నింపుకోండి.