క్రాష్ గార్డ్ బిగించేముందు: పట్టేసిన బోల్టును విరగకుండా తీయడం

క్రాష్ గార్డ్ అయినా, వెనక ర్యాక్ అయినా, బైకుకి ముందే ఉన్న బోల్టు తీస్తేనే ఎక్కుతుంది. ఆ బోల్టు కదలకపోతే పానాకి పైపు తగిలించి లాగకండి. ముందు అది ఎందుకు పట్టేసిందో చూడండి.

ఎర్రగా కనిపిస్తే తుప్పు. అల్యూమినియంలో దిగిన ఇనుప బోల్టు చుట్టూ తెల్లటి పొడి ఉంటే, రెండు లోహాల మధ్య తడి చేరి అల్యూమినియాన్ని తినేసిందని అర్థం. తీసిన మరల మీద నీలం, ఎరుపు పొరలు కనిపిస్తే థ్రెడ్‌లాక్ జిగురు. పక్క బోల్టు ఒకటి తీసి చూస్తే ఇది తెలిసిపోతుంది. తిప్పే దిక్కు కూడా సరిచూసుకోండి: చాలా యమహా బైకుల్లో కుడి అద్దానికి ఎడమ మరలుంటాయి, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

మరల చుట్టూ మట్టిని వైర్ బ్రష్‌తో గీకేయండి. అల్లెన్ బోల్టయితే (తలలో ఆరు మూలల గుంత ఉండేది) ఆ గుంతలో గట్టిపడిన బురదను సూదితో తవ్వి తీయాలి. కీ అడుగుదాకా దిగకపోతే అంచులు అరిగిపోయేది అక్కడే. తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్‌ని (మరల సందుల్లోకి ఇంకే పల్చటి నూనె) తల దగ్గరే కాదు, నట్టు వైపు కూడా కొట్టి 20 నిమిషాలు ఆగండి. తుప్పు బాగా ఉంటే రాత్రంతా వదిలేయండి. డిస్క్, టైరు మీద పడకుండా గుడ్డ కప్పండి.

ఆరు మూలల సాకెట్ వాడండి. పన్నెండు మూలలది అరిగిన తల మీద జారుతుంది. సాకెట్ పెట్టేముందు బోల్టు తల మీద సుత్తితో నాలుగైదు దెబ్బలు వేసి, తర్వాత సాకెట్‌తో ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత ఊడే వైపు తిప్పండి. 'టక్' మని కదిలితే మంచిదే. రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపండి: అప్పుడు బోల్టు ఊడట్లేదు, మెలితిరుగుతోంది. ఎం6 బోల్టులు (6 మి.మీ. మందం ఉన్నవి) ఇలాగే తెగిపోతాయి. కొద్దిగా కదిలాక అరచుట్టు ఊడే వైపు, పావు చుట్టు బిగించే వైపు తిప్పుతూ, మధ్యలో ఆయిల్ వేస్తూ తీయండి.

ఇంకా రాకపోతే వేడి. అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి బోల్టును కాక, దాని చుట్టూ ఉన్న లోహాన్ని హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేయాలి. ఎర్ర థ్రెడ్‌లాక్ మెత్తబడాలంటే సుమారు 250 డిగ్రీలు కావాలి. ముందే ఆయిల్ తుడిచేయండి, పెట్రోల్ ట్యాంకు తీసి దూరంగా పెట్టండి. బ్రేక్ పైపులు, ఆయిల్ సీళ్లు పక్కనుంటే ఈ పద్ధతి వద్దు.

క్రాష్ గార్డ్ చాలాసార్లు ఇంజన్ మౌంట్ బోల్టుకే ఎక్కుతుంది. నట్టు సులభంగా ఊడి, బోల్టు మాత్రం రాదు. ఇంజన్ బరువంతా దాని మీద కూర్చోవడమే కారణం. ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీతో కొద్ది మిల్లీమీటర్లు లేపండి, చాలాసార్లు చేత్తోనే జారి వస్తుంది. కొట్టాల్సి వస్తే నట్టును చివరితో సమంగా ఎక్కించి, దాని మీద చెక్కముక్క పెట్టి కొట్టండి. నేరుగా కొడితే మరలు నలుగుతాయి. ఒకేసారి ఒక బోల్టే తీయండి.

తల విరిగితే, పైకి కనిపించే ముక్కను లాకింగ్ ప్లయర్‌తో పట్టుకోవచ్చు. లోపలే విరిగితే ఆ ముక్కకి నట్టు వెల్డ్ చేయించడం మేలు. విరిగిన ముక్కను తిప్పి తీసే ఎక్స్‌ట్రాక్టర్ వాడితే, అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ దాన్ని కొరకలేదు.

కొత్త బోల్టు పాతదాని గ్రేడుకి (తల మీద ఉండే 8.8 లాంటి బలం అంకె) తగ్గకుండా వేయండి. టార్క్ (ఎంత బలంగా బిగించాలో చెప్పే) అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసి బిగించండి. యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూస్తే మాత్రం అంతకన్నా తక్కువ బిగింపే సరిపోతుంది.