యాంటీబాడీ ప్రయోగంలో పసిబిడ్డను చేర్చే ముందు, ఆ తర్వాత పాటించవలసిన జాగ్రత్తలు

పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్‌ఎస్‌వీ వైరస్ విజృంభించే కాలానికి ముందే, దాన్ని అడ్డుకునే యాంటీబాడీ మందుల క్లినికల్ ట్రయల్స్‌కు పిల్లలను చేర్చుకుంటారు. టీకా శరీరం చేత యాంటీబాడీలను తయారు చేయిస్తుంది. ఇక్కడ సిద్ధంగా ఉన్న యాంటీబాడీలనే తొడ కండరంలోకి ఎక్కిస్తారు. తల్లిదండ్రుల బెంగంతా సూది వేసే రోజు మీదే ఉంటుంది గానీ, ఎక్కువ జాగ్రత్త కావలసింది ఆ తర్వాతి నెలల్లోనే.

సంతకం చేసే ముందు, మందు ఇవ్వని పిల్లలకు బదులుగా ఏమిస్తారో అడగండి. 2022లో ఐరోపాలో, 2023లో అమెరికాలో అనుమతి పొందిన నిర్సెవిమాబ్ అనే ఆర్‌ఎస్‌వీ యాంటీబాడీ మందు అందుబాటులో ఉన్నచోట ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి సూది) ఎందుకు వాడుతున్నారో పరిశోధకులు విడమరచి చెప్పగలగాలి. చెప్పలేకపోతే సంతకం వాయిదా వేయడమే మేలు.

బిడ్డ నెలలు నిండకముందే పుట్టినా, రక్తం త్వరగా గడ్డకట్టని సమస్య ఉన్నా, గతంలో తీవ్రమైన అలర్జీ వచ్చినా, తల్లి గర్భిణిగా ఉన్నప్పుడు ఆర్‌ఎస్‌వీ టీకా వేయించుకున్నా దాచకుండా చెప్పాలి. సూది వేసే రోజునే, డైపర్ కూడా తీసేసి బరువు తూచమనండి. నిర్సెవిమాబ్‌నే తీసుకుంటే తొలి సీజన్‌లో 5 కిలోల లోపు బిడ్డకు 50 మి.గ్రా., ఆపైన 100 మి.గ్రా. ఇస్తారు కాబట్టి, ఆ హద్దు దగ్గరున్న బిడ్డకు తడిసిన డైపర్ బరువే డోసును మార్చేయవచ్చు.

ఒంటి మీద దద్దుర్లు లేస్తే తేదీతో ఫొటో తీసి పరిశోధన బృందానికి తెలియజేయండి. మోటావిజుమాబ్ అనే ఇలాంటి యాంటీబాడీ మందు చర్మపు అలర్జీల కారణంగానే అమెరికాలో అనుమతికి నోచుకోలేదు. ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఫోన్ల కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

తమ బిడ్డకు అసలు మందే పడిందని ఊహించుకుని దగ్గును తేలిగ్గా తీసుకోవడం అన్నిటికంటే ప్రమాదకరం. పడింది ప్లాసిబో కావచ్చు. మందే అయినా రక్షణ సంపూర్ణం కాదు, పైగా అది ఇతర వైరస్‌లను ఆపదు. వైరస్‌లో యాంటీబాడీ అతుక్కునే చోటు మారిపోతే మందు పనిచేయదు; బి రకం ఆర్‌ఎస్‌వీలో అలాంటి మార్పు వల్లనే సుప్టావుమాబ్ అనే యాంటీబాడీ మందు ప్రయోగం విఫలమైంది. అందుచేత బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తి నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఆపైన ఏడాది వరకు 50 లేదా అంతకు మించితే డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, శ్వాస మధ్యలో ఆగుతున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా క్షణం ఆలస్యం చేయకూడదు. ట్రయల్ కార్డు వెంట ఉంచుకోండి. చికిత్సకు అవసరమైతే బిడ్డకు ఏం ఇచ్చారో బయటపెట్టే ఏర్పాటు ఉంటుంది.

1960లలో పరీక్షించిన ఆర్‌ఎస్‌వీ టీకా వేసుకున్న పిల్లలకు, తర్వాత వైరస్ సోకినప్పుడు జబ్బు మరింత ముదిరి ఇద్దరు చనిపోయారు. అది యాంటీబాడీ కాదు, టీకా. అయినా ఆ అనుభవం వల్ల ఇప్పుడు మరుసటి సీజన్‌లోనూ పిల్లలను గమనిస్తారు. కాబట్టి ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా బృందానికి తెలియజేయండి.