పంటి ఎనామిల్ రక్షణకు ప్రొపోలిస్, తేనె వాడే పద్ధతి

పంటి పైపొర అయిన ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందులో జీవకణాలు లేవు కనుక ఒకసారి గుంట పడితే తిరిగి పూడదు. నోటిలో పీహెచ్ (ఆమ్లత్వపు కొలమానం, ఇది తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది) సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఆ ఖనిజం కరగడం మొదలవుతుంది, గుంట పడక ముందైతే లాలాజలమూ ఫ్లోరైడూ కలిసి కొంత ఖనిజాన్ని తిరిగి చేరుస్తాయి. కాబట్టి రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోముకోవడమే మూలం, తేనెటీగల ఉత్పత్తులు దానికి తోడు మాత్రమే.

ఆ తోడుగా ఎంచుకోదగినది ప్రొపోలిస్. తేనెటీగలు చెట్ల మొగ్గల నుంచి, బెరడు నుంచి సేకరించిన జిగురులో మైనం కలిపి పట్టులోని సందులను పూడ్చుకునే పదార్థమిది. పుచ్చుకు ముఖ్య కారణమైన, ఆమ్లాన్ని పుట్టించే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియా పెరుగుదలను, అది చక్కెరతో తయారుచేసే జిగట పాచిని ఇది తగ్గించగలదని ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. అంటే ఇది ఎనామిల్‌ను నిర్మించదు, దాన్ని కరిగించే ఆమ్లం పుట్టే చోటును అణచడానికి తోడ్పడుతుంది.

ఆల్కహాల్ లేని ప్రొపోలిస్ పుక్కిలింత ద్రావణాన్ని కొని, సీసాపై రాసిన మోతాదు ప్రకారం వాడాలి. పళ్లు తోమిన వెంటనే పుక్కిలిస్తే పంటిపై మిగిలిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది, కనుక మధ్యాహ్న భోజనం తరువాత వాడటం మేలు. అర నిమిషం పుక్కిలించి ఉమ్మివేయాలి. తేనె, పుప్పొడి, తేనెటీగ కుట్టడం పడనివారు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోకూడదు. పెదవులు వాచినా, నోటిలో దురద పుట్టినా వెంటనే మానేయాలి.

తేనె విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సూక్ష్మజీవులను అణచే గుణం ఉందని కొందరు దాన్ని రాత్రి చిగుళ్లకు రాసి పడుకుంటారు, కానీ తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే, పీహెచ్ కూడా సాధారణంగా 4 దగ్గర ఉంటుంది. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి ఆ అలవాటు ఎనామిల్‌కు హానికరం. తేనెను భోజనంతో పాటు తిని, నీటితో నోరు కడుక్కోవాలి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది. బోటులిజం (బ్యాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు) ప్రమాదం వల్ల ఏడాది నిండని శిశువుకు చుక్క కూడా పెట్టరాదు.

నల్లగొండ వంటి ప్రాంతాల్లో నీటిలోని అధిక ఫ్లోరైడ్ వల్ల పళ్లపై ఏర్పడే మరకలు పన్ను రూపొందే దశలోనివి, కాబట్టి వాటిని ప్రొపోలిస్ తొలగించలేదు. పంటిపై సుద్దలాంటి తెల్లమచ్చ కొత్తగా కనిపిస్తే మాత్రం గుంట పడకముందే దంతవైద్యుడి చేత ఫ్లోరైడ్ వార్నిష్ (పంటిపై పూసే ఫ్లోరైడ్ పూత) వేయించుకోవాలి.