జర్నల్‌కి పేపర్ పంపేవారికి: నైతిక ప్రమాణాలు ఎక్కడ, ఎలా పాటించాలి

సబ్మిషన్ పోర్టల్‌లో డిక్లరేషన్ల పేజీ నింపడానికి ఐదు నిమిషాలు చాలు. అక్కడ పెట్టే టిక్కుల వెనక ఉండాల్సిన పని మాత్రం చాలావరకు డేటా చేతికి రాకముందే జరిగి ఉండాలి. అందుకే ఇక్కడ తర్వాత దిద్దుకోలేని విషయాలు ముందు, దిద్దుకోగలిగేవి వెనక చెప్పుకుందాం.

మొదటి నమూనా తీసుకునేలోపు

మనుషుల మీద, జంతువుల మీద చేసే పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. పని అయిపోయాక అడిగితే బాధ్యత తెలిసిన కమిటీ ఇవ్వదు, ఎడిటర్ ఒప్పుకోడు. ‘ప్రశ్నాపత్రమే కదా, రక్తం తీయడం లేదు కదా’ అనుకునేవారు ఇరుక్కునేది ఇక్కడే. మీ పనికి అనుమతి అక్కర్లేదని మీకు అనిపించినా, ఆ మాట కమిటీ చేత రాయించుకుని దాచుకోండి. పేపర్‌లో కమిటీ పేరు, అనుమతి సంఖ్య, తేదీ మూడూ ఇవ్వాలి. డేటా సేకరణ మొదలైన తేదీ అనుమతి తేదీ కన్నా ముందుంటే రివ్యూయర్ పట్టేస్తాడు.

క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే పబ్లిక్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, అంటే ఐసీఎంజేఈ, 2005 జులై 1 నుంచి మొదలయ్యే ట్రయళ్లకు ఈ షరతు పెట్టింది. ఫలితాలు చూసుకున్నాక ప్రధాన కొలమానాన్ని గుట్టుగా మార్చేసే దారి దీంతో మూసుకుపోతుంది.

ఒక్కో రోగి గురించి రాసే కేసు రిపోర్టుల్లో ఇంకో మెలిక ఉంది. చికిత్సకు రోగి ఇచ్చిన సమ్మతి ప్రచురణకు పనికిరాదు, దానికి విడిగా సంతకం కావాలి. ఫొటోలో కళ్ల మీద నల్లపట్టీ వేయడం పాత అలవాటు. మనిషిని గుర్తుపట్టకుండా చేయడానికి అది చాలదని ఐసీఎంజేఈ తేల్చి చెప్పింది.

రచయితల పేర్లు

గొడవలకు పుట్టిల్లు ఇదే. ఐసీఎంజేఈ నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన ఆలోచనలో గానీ, డేటా సేకరణలో గానీ, విశ్లేషణలో గానీ చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. వ్యాసం రాయడంలోనో, లోతుగా దిద్దడంలోనో పాలు పంచుకోవాలి. చివరి ప్రతిని చదివి ఆమోదించాలి. పేపర్‌లో దేని మీద ప్రశ్న వచ్చినా దాన్ని తేల్చేదాకా బాధ్యత వహించాలి. ఈ నాలుగోది 2013లో చేరింది. నాలుగూ తీరినవారే రచయితలు.

డిపార్ట్‌మెంట్ హెడ్ అయినందుకో, గ్రాంట్ తెచ్చినందుకో, పరికరం వాడుకోనిచ్చినందుకో పేరు వేస్తే అది బహుమతి రచయితృత్వం. పనంతా చేసిన స్టాటిస్టీషియన్ పేరు, డబ్బు తీసుకుని రాసిపెట్టిన మెడికల్ రైటర్ సాయం దాచేస్తే అది దొంగచాటు రచయితృత్వం. రెండూ తప్పే. ఈ షరతుల్ని తిరగేసి వాడుకునేవారూ ఉంటారు. జూనియర్ చేత ప్రయోగాలన్నీ చేయించుకుని, డ్రాఫ్ట్ చూపించకుండా, ‘నువ్వు రాయలేదుగా’ అని పేరు తీసేస్తారు. మొదటి షరతు తీరినవారికి మిగతావి తీర్చుకునే అవకాశం ఇచ్చి తీరాలని ఐసీఎంజేఈ నియమాల్లోనే ఉంది. పేరు పోగొట్టుకున్న స్కాలర్ చూపించాల్సిన వాక్యం అదే.

చేయాల్సిన పని చిన్నది. ఒక పేజీ పట్టిక గీయండి. అడ్డంగా మనుషుల పేర్లు, నిలువుగా ఎవరు ఏ పని చేశారో చెప్పే ‘క్రెడిట్’ (CRediT) అనే పద్ధతిలోని 14 పాత్రలు: ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, ప్రయోగం, డేటా నిర్వహణ, మొదటి డ్రాఫ్ట్, దిద్దుబాటు, పర్యవేక్షణ, నిధుల సేకరణ వగైరా. పని మొదలైనప్పుడు ఒకసారి, మొదటి డ్రాఫ్ట్ అప్పుడు ఒకసారి, పంపేముందు ఒకసారి దాన్ని సరిచూసి అందరికీ ఈమెయిల్ చేయండి. ‘సరే’ అని వచ్చిన జవాబులు తుడిచేయకండి. పేర్ల వరస మీద ఆరు నెలల తర్వాత పేచీ వస్తే ఆ ఈమెయిళ్లే సాక్ష్యం.

సబ్మిషన్ అయ్యాక పేరు చేర్చాలన్నా తీయాలన్నా కారణంతో పాటు రచయితలందరి రాతపూర్వక సమ్మతీ కావాలి. తీసేస్తున్న మనిషి సమ్మతి కూడా అందులో లెక్కే. రివిజన్ దశలో సంబంధం లేని పేర్లు కొత్తగా వచ్చి చేరితే ఎడిటర్లు ఉలిక్కిపడతారు. రచయిత స్థానాలను డబ్బుకు అమ్మే పేపర్ మిల్లుల ఆనవాళ్లలో అదొకటి.

చాట్‌జీపీటీ లాంటి సాధనాలకు రచయిత స్థానం లేదని కోప్ (ప్రచురణ నైతికత మీద జర్నళ్లకు దారి చూపే కమిటీ), ఐసీఎంజేఈ రెండూ 2023లో చెప్పేశాయి. కారణం పైన చెప్పిన నాలుగో షరతే: అవి బాధ్యత వహించలేవు. వాడితే మాత్రం చెప్పాలి. భాష దిద్దుకోవడానికి వాడితే కృతజ్ఞతల దగ్గర, విశ్లేషణకో బొమ్మకో వాడితే పద్ధతుల విభాగంలో. అది ఇచ్చిన రిఫరెన్సులు ఒక్కోటీ డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి చూడండి. లేని పేపర్లను ఉన్నట్టు పుట్టించడం దానికి బాగా అలవాటు.

సిమిలారిటీ రిపోర్టు చదవడం

మీ రాత ఇతర పేపర్లతో ఎక్కడ, ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపించేదే సిమిలారిటీ రిపోర్టు. దాని గురించి ‘ఎంత శాతం వరకు ఫర్వాలేదు?’ అన్నది తప్పు ప్రశ్న. రిఫరెన్సులు, పరికరాల పేర్లు, వాడుక పదబంధాలు కలిసి 30 శాతం చూపించినా అందులో దొంగతనం ఏమీ లేకపోవచ్చు. మొత్తం 8 శాతమే ఉన్నా, అది ఒకే పేపర్ చర్చా విభాగం నుంచి ఎత్తిన పేరా కావచ్చు. ముందు రిఫరెన్సుల జాబితాను లెక్కలోంచి తీసేయండి. తర్వాత మొత్తం అంకెను వదిలేసి, ఒక్కో మూలం నుంచి ఎంత వచ్చిందో చూడండి. చివరగా అది ఏ విభాగంలో ఉందో చూడండి. పద్ధతుల్లో కొన్ని వాక్యాలు కలవడం వేరు, ఫలితాల్లో కలవడం వేరు.

మాటలు మార్చి రాయడం దగ్గర చాలామంది జారతారు. మూలంలో ‘నేలలో తేమ తగ్గినప్పుడు వేళ్లు లోతుకు పెరిగి నీటిని అందుకుంటాయి’ అని ఉందనుకుందాం. ‘మట్టిలో చెమ్మ తగ్గిన సమయంలో వేర్లు కిందికి పెరిగి నీరు తీసుకుంటాయి’ అని రాస్తే మాటకు మాట మారిందే తప్ప వాక్యం వాళ్లదే. సంఖ్య వేసి రిఫరెన్స్ ఇచ్చినా ఇది అతుకుల రాతే. మూలం మూసేసి, అది మీ పేపర్‌కి ఎందుకు కావాలో రాయండి: ‘తేమ కొరతలో వేళ్ల లోతు పెరుగుతుందని ఇసుక నేలలో తేలింది [12], బంకమట్టిలో కూడా అలాగే జరుగుతుందా అన్నది ఇక్కడ పరీక్షించాం.’ ఇక సాఫ్ట్‌వేర్‌కీ రివ్యూయర్‌కీ అనుమానం రాదు.

మీ పాత పేపర్‌లోని పద్ధతి మళ్లీ వాడితే దాన్ని ఉదహరించి, మారిన భాగం మాత్రం వివరంగా రాయండి. ఫలితాలను, పటాలను చెప్పకుండా మళ్లీ వాడితే అది రెండోసారి ప్రచురించడమే.

బొమ్మలు

2016లో సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్ బృందం 20,621 పేపర్లలోని బొమ్మల్ని కళ్లతో పరిశీలించి, దాదాపు 3.8 శాతం పేపర్లలో అనుమానించదగ్గ పునరావృతాలు కనుక్కుంది. ఒకే బొమ్మ రెండు చోట్ల పడటానికి మోసమొక్కటే కారణం కానక్కర్లేదు. స్థలం ఆపడానికి తాత్కాలికంగా పెట్టిన ప్యానెల్ అలాగే ఉండిపోతుంది, ‘ఫైనల్2’ లాంటి పేర్లున్న ఫైళ్లు కలిసిపోతాయి. కానీ ముడి ఫైలు చూపించలేకపోతే పొరపాటో మోసమో ఎవరూ తేల్చలేరు.

పరికరం ఇచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా విడిగా భద్రపరచి, నకలు మీదే పని చేయండి. వెలుగు, కాంట్రాస్ట్ మార్చితే బొమ్మ మొత్తానికీ ఒకేలా మార్చాలి. ప్రొటీన్లనో డీఎన్ఏనో విడదీసి చూపే జెల్ బొమ్మలో వెనక మసకగా ఉన్న బ్యాండ్ (చార) మాయమయ్యేదాకా కాంట్రాస్ట్ పెంచితే డేటా చెరిపినట్టే. వేరే జెల్ నుంచి తెచ్చిన లేన్ (ఒక నమూనా నిలువు వరస) పక్కన పెడితే మధ్యలో గీత కనబడాలి, ఆ సంగతి క్యాప్షన్‌లో ఉండాలి. ప్రతి ప్యానెల్‌కి ఏ ఫైలు, ఏ తేదీ, ఏ ప్రయోగం అని ఒక షీటు నింపి ఉంచండి. రివ్యూయర్ అడిగిన రోజున వెతుకులాట తప్పుతుంది.

పంపేటప్పుడు

ఒకసారికి ఒకే జర్నల్. ఆలస్యం చేస్తున్నారని ఇంకోచోటికి పంపాలనుకుంటే ముందు ఉపసంహరణ కోరి, వారి నుంచి నిర్ధారణ వచ్చాకే కదలండి. ప్రీప్రింట్ (రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టిన ప్రతి) పెట్టి ఉంటే చాలా జర్నళ్లకు అభ్యంతరం లేదు గానీ కవర్ లెటర్లో చెప్పాలి. అదే నమూనా నుంచి ఇంకో పేపర్ రాసి ఉంటే దాని ప్రతిని జత చేయండి. ఒకే పనిని ముక్కలు చేసి అమ్ముతున్నారా లేదా అన్నది ఎడిటర్ చూసి తేల్చుకుంటాడు.

రివ్యూయర్ల పేర్లు సూచించమంటే వారి సంస్థ ఈమెయిల్ ఇవ్వండి. ఈ మధ్య మీతో కలిసి రాసినవారిని వదిలేయండి. దొంగ ఈమెయిళ్లతో తమ పేపర్లను తామే రివ్యూ చేసుకున్న వ్యవహారం బయటపడి 2014లో సేజ్ సంస్థ ఒకే జర్నల్ నుంచి 60 పేపర్లు, మరుసటి ఏడు స్ప్రింగర్ 64 పేపర్లు వెనక్కి తీసుకున్నాయి.

ప్రయోజనాల సంఘర్షణ దగ్గర ‘ఏమీ లేవు’ అని రాసే ముందు 36 నెలలు వెనక్కి చూసుకోండి. ఐసీఎంజేఈ ఫారం అడిగే కాలం అది. కన్సల్టెన్సీ, షేర్లు, పేటెంట్, కంపెనీ భరించిన ప్రయాణం అన్నీ వస్తాయి. సంఘర్షణ ఉండటం నేరం కాదు. దాచినట్టు తర్వాత బయటపడటమే కొంప ముంచుతుంది.

రివ్యూ చేయమని మీకే పేపర్ వస్తే అది రహస్య పత్రం. విద్యార్థి సాయం తీసుకోవాలంటే ముందు ఎడిటర్‌ని అడగండి. సారాంశం కోసమని దాన్ని ఏఐ సాధనంలో అతికించకండి.

అచ్చయ్యాక తప్పు కనిపిస్తే

ముందు ఒక్కటే తేల్చుకోండి: తప్పు సరిదిద్దితే ముగింపు నిలుస్తుందా? నిలిస్తే దిద్దుబాటు, కూలిపోతే రిట్రాక్షన్, అంటే పేపర్‌ని వెనక్కి తీసుకోవడం. నిజాయితీగా జరిగిన పొరపాటుకు కూడా రిట్రాక్షన్ ఉంటుంది, ఆ సంగతి నోటీసులో రాయమని మీరు కోరవచ్చు. రిట్రాక్ట్ అయిన పేపర్‌ని మామూలుగా తీసేయరు, ముద్ర వేసి అక్కడే ఉంచుతారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెడుతూ 1998లో ‘లాన్సెట్’లో వచ్చిన పేపర్‌ని పూర్తిగా వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది. ఈలోగా టీకా మీద భయం దేశాలు దాటింది.

ఎడిటర్‌కి రాసే లేఖలో పేపర్ డీఓఐ, తప్పున్న పేజీ లేదా పటం, అక్కడ ఉన్నది, ఉండాల్సింది, ఎలా జరిగింది, ముగింపు మీద ప్రభావం, రచయితలందరి సమ్మతి ఉండాలి. ముడి డేటా జత చేయండి. జవాబు రాకపోతే గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే ప్రధాన ఎడిటర్‌కి, తర్వాత ప్రచురణ సంస్థ నైతిక విభాగానికి రాయండి. జర్నల్ కోప్ సభ్యురాలైతే చివరగా అక్కడికి వెళ్లొచ్చు. అయితే మీ డేటా నిజమా కాదా అని కోప్ తేల్చదు. జర్నల్ సరైన పద్ధతిలో నడుచుకుందా లేదా అన్నదే చూస్తుంది. అందుకే ఫిర్యాదుతో పాటు ఎవరికి ఏ తేదీన రాశారో, ఏం జవాబు వచ్చిందో వరసగా పెట్టి పంపండి.